పెద్ద యూనివర్సిటీలో స్నేహాలు ఎక్కడ పుడతాయి? స్టూడెంట్ క్లబ్బులు చేసే అసలు పని

ముప్పై నలభై వేల మంది చదివే యూనివర్సిటీలో కొత్తగా చేరిన విద్యార్థికి మనుషుల కొరత ఉండదు. పొద్దున క్లాసులో మూడు వందల మంది, మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర పెద్ద క్యూ, సాయంత్రం లైబ్రరీలో కూర్చోడానికి కుర్చీ దొరకదు. అయినా నెల గడిచాక కూడా, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియని విద్యార్థులు చాలామంది ఉంటారు. దీన్ని బిడియం ఖాతాలో వేసి వదిలేయడం తేలిక. కానీ కారణం చాలావరకు ఆ చోటు తీరులోనే ఉంది. పరిచయం పెరగాలంటే నిన్న చూసిన మొహమే ఈ రోజూ, వచ్చే వారమూ కనబడాలి. పెద్ద యూనివర్సిటీలో అరుదుగా దొరికేది అదే. ఈ సెమిస్టర్‌లో పక్కన కూర్చున్న మనిషి వచ్చే సెమిస్టర్‌కి వేరే సెక్షన్‌లో, వేరే భవనంలో ఉంటారు. పేరు గుర్తుపెట్టుకునేలోపు పరీక్షలు వచ్చేస్తాయి.

రోజూ ఎదురుపడటానికి ఎంత బలం ఉందో చూపించిన పాత పరిశోధన ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో పెళ్లయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్లలో ఎవరు ఎవరికి స్నేహితులయ్యారో లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ పరిశీలించి 1950లో ఫలితాలు ప్రచురించారు. స్నేహాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించింది ఒక గుమ్మానికీ ఇంకో గుమ్మానికీ మధ్య దూరమే. పక్కింటివాళ్లు స్నేహితులయ్యే అవకాశం ఎక్కువ, నాలుగిళ్ల అవతల ఉన్నవాళ్లు అయ్యే అవకాశం బాగా తక్కువ. కింది అంతస్తులో మెట్ల పక్కన ఇల్లున్నవాళ్లకు పై అంతస్తులో స్నేహితులు ఎక్కువగా దొరికారు, ఎందుకంటే పైకి వెళ్లేవాళ్లు రోజూ వాళ్ల గుమ్మం ముందునుంచే వెళ్లాలి. స్నేహాలు ఏదో ఒక ఉమ్మడి కేంద్రం చుట్టూ అల్లుకుంటాయని 1981లో సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ వివరించాడు. ఆ కేంద్రం ఇల్లు కావచ్చు, పనిచేసే చోటు కావచ్చు, ప్రతి వారం కలిసి పాడే బృందం కావచ్చు. పెద్ద యూనివర్సిటీలో స్టూడెంట్ క్లబ్ అసలు ఎందుకు ఉందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే చూడాలి. అది వేలమందిలోంచి పాతికమందిని తీసి, వాళ్లు మళ్లీ మళ్లీ ఎదురుపడేలా చేస్తుంది. నాటకం, చదరంగం, రోబోలు, పర్వతారోహణ, చర్చలు అన్నీ ఆ కలయికకు దొరికే సాకులు. సాకు అనడం చిన్నచూపు కాదు. మంచి సాకు లేకపోతే కొత్తవాళ్లు కలవలేరు, కలిసినా ఏం మాట్లాడుకోవాలో తెలియదు.

స్నేహానికి ఎంత సమయం పడుతుందో కూడా కొంత లెక్క ఉంది. కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధనలో, పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి దాదాపు 50 గంటలు, స్నేహితుడు అనదగ్గ స్థాయికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాల్సి వస్తుందని తేలింది. ఆయన పరిశీలించినవాళ్లలో యూనివర్సిటీలో అప్పుడే చేరిన విద్యార్థులూ ఉన్నారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. క్లాసులోనో ఉద్యోగంలోనో తప్పనిసరిగా కలిసి గడిపిన గంటలు అంతగా దగ్గర చేయవు. ఇష్టపడి గడిపిన గంటలే లెక్కకు వస్తాయి.

ఈ అంకెలను ఒక మామూలు క్లబ్‌కు అన్వయించి చూద్దాం. వారానికి ఒకసారి, రెండు గంటలు, పదిహేను వారాలు. సెమిస్టర్ మొత్తానికి ముప్పై గంటలు. ఒక్క మీటింగ్ కూడా మానకుండా వచ్చినా, హాల్ చెప్పిన మొదటి మెట్టే ఎక్కలేరు. మిగతా గంటలు ఎక్కడినుంచి వస్తాయి? మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దుతూ ఉండిపోయిన అరగంట నుంచి, హాస్టల్ దాకా కలిసి నడిచిన దారి నుంచి, పోస్టర్లు అంటించడానికి వెళ్లిన మధ్యాహ్నం నుంచి వస్తాయి. మీటింగ్ ఎజెండాలో ఇవేవీ ఉండవు. కానీ క్లబ్ వల్ల స్నేహాలు దొరికాయని చెప్పేవాళ్లకు అవి దొరికింది ఎక్కువగా ఈ చోట్లే. మీటింగ్ అయిపోయిన ఐదు నిమిషాలకే గదికి తాళం వేసేయాలన్న నిబంధన పెట్టే యూనివర్సిటీలకు, తాము ఏం పోగొట్టుకుంటున్నామో తెలిసి ఉండదు.

ఇక్కడే పెద్ద వేడుకల విషయం తేల్చుకోవాలి. చాలా క్లబ్బులు ఏడాదంతా ఒక ఫెస్ట్ కోసం, ఒక పెద్ద షో కోసం బతుకుతాయి. డబ్బులో ఎక్కువ భాగం దానికే పోతుంది, ఫొటోలన్నీ దానివే, వార్షిక నివేదికలో పెద్ద అంకె కూడా దానిదే: రెండు వేల మంది హాజరు. ఆ రెండు వేల మందికి ఏం దక్కిందో అడిగి చూడాలి. ఒక మంచి సాయంత్రం. అది తక్కువేమీ కాదు, కానీ ఎవరితో వచ్చారో వాళ్లతోనే తిరిగి వెళ్లారు. ఒంటరిగా వచ్చినవాళ్లు ఒంటరిగానే వెళ్లారు. ఫెస్ట్ వల్ల నిజంగా దగ్గరైనవాళ్లు దాన్ని నిలబెట్టిన ముప్పై నలభై మంది. స్టేజీ లైట్లు సమయానికి రాక కలిసి టెన్షన్ పడినవాళ్లు, స్పాన్సర్ చేతులెత్తేస్తే రాత్రికి రాత్రి బడ్జెట్ తిరగరాసినవాళ్లు. అంటే ఫెస్ట్ కూడా బంధాలు పెంచుతుంది, కాకపోతే చూసేవాళ్ల మధ్య కాకుండా చేసేవాళ్ల మధ్య. ఇది గమనించిన క్లబ్, పనిని ఐదుగురు చురుకైనవాళ్ల చేతిలో ఉంచుకోకుండా వీలైనంత ఎక్కువ మందికి పంచుతుంది. కొత్తగా వచ్చిన మొదటి ఏడాది విద్యార్థికి టికెట్ అమ్మే క్లబ్ ఒక పద్ధతి. తెర లాగే తాడు చేతికిచ్చే క్లబ్ ఇంకో పద్ధతి. రెండోదానికే ఆ విద్యార్థి మళ్లీ వస్తాడు.

ఈ సంఘాలు యూనివర్సిటీలు దయతో ఏర్పాటు చేసినవి కావు. విద్యార్థులు తమ అవసరం కొద్దీ పెట్టుకున్నవి, కొన్నిసార్లు యూనివర్సిటీకి ఇష్టం లేకపోయినా నడుపుకున్నవి. ఇటలీలోని బొలోన్యాలో మధ్యయుగాల్లో పరాయి ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు ఊరివాళ్ల అద్దెలు, చట్టాల నుంచి కాపాడుకోవడానికి ప్రాంతాల వారీగా సంఘాలు కట్టుకున్నారు. అవి తమ రెక్టార్‌ను, అంటే అధిపతిని, తామే ఎన్నుకునేవి, పాఠాలు చెప్పేవాళ్లకే షరతులు పెట్టేంత బలంగా ఎదిగాయి. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యూనియన్ అనే చర్చా సంఘం 1815లో మొదలైతే, అక్కడి రాజకీయ చర్చలు నచ్చక యూనివర్సిటీ అధికారులు 1817లో దాన్ని మూయించారు. సమకాలీన రాజకీయాల జోలికి పోకూడదన్న షరతుతో 1821లో మళ్లీ తెరుచుకుంది. అధికారులకూ విద్యార్థి సంఘాలకూ మధ్య ఈ గుంజాట ఇప్పటికీ ఆగలేదు.

అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ కథ ఈ చర్చకు మరింత పనికొస్తుంది. తరగతులు మొదలైన ఏడాదే, 1795లో, అక్కడి విద్యార్థులు రెండు సంఘాలు పెట్టుకున్నారు: డయలెక్టిక్, ఫిలాంత్రోపిక్. రాష్ట్రం పడమటి భాగం నుంచి వచ్చినవాళ్లు మొదటిదానిలో, తూర్పు భాగం వాళ్లు రెండోదానిలో చేరడం ఆనవాయితీ అయింది. చర్చలు, వ్యాసాలు, సొంత లైబ్రరీలు, క్రమశిక్షణ కూడా ఆ సంఘాలే చూసుకునేవి. ఆ యూనివర్సిటీ జట్లు ఈ రోజుకూ వేసుకునే లేత నీలం, తెలుపు రంగులు ఆ రెండు సంఘాల నుంచి వచ్చినవే. ఈ ఏర్పాటులో గమనించాల్సిన విశేషం ఒకటి: దాదాపు ప్రతి విద్యార్థికీ ఏదో ఒక సంఘంలో చోటు ముందే సిద్ధంగా ఉండేది. వెతుక్కోవాల్సిన అవసరం లేదు, ఎంపిక కావాల్సిన అవసరం అంతకన్నా లేదు. ఇప్పుడు పెద్ద యూనివర్సిటీలో వందల క్లబ్బులుంటాయి. ఏదైనా ఎంచుకోవచ్చు, ఏదీ ఎంచుకోకుండానూ ఉండవచ్చు. స్వేచ్ఛ పెరిగింది, నిజమే. చొరవ లేనివాళ్లు జారిపోయే సందు కూడా దాంతోపాటే పెరిగింది.

ఆ జారిపోవడం ఎలా జరుగుతుందో చూడాలంటే ఏడాది మొదట్లో జరిగే క్లబ్ ఫెయిర్ చూడాలి. మైదానం నిండా బల్లలు, బ్యానర్లు, గట్టిగా పిలిచే సీనియర్లు. కొత్త విద్యార్థి గంటసేపు తిరిగి పది పన్నెండు చోట్ల పేరు, ఫోన్ నంబర్ రాసి వస్తాడు. రాత్రికల్లా పది వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాడు. మొదటి వారం రెండు మీటింగులకు వెళ్తాడు. అక్కడ పాతవాళ్లంతా ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటూ, నిరుడు జరిగినవి తలుచుకుని నవ్వుకుంటూ ఉంటారు. రెండో వారం అసైన్‌మెంట్ అడ్డం వస్తుంది. మూడో వారం, ఇప్పుడు వెళ్తే ఇన్నాళ్లు ఎందుకు రాలేదంటారేమోనన్న సంకోచం. ఎవరూ పొమ్మనకుండానే ఆ విద్యార్థి బయటే ఉండిపోయాడు. క్లబ్ రిజిస్టర్‌లో మాత్రం ఏడాదంతా మెంబరే.

ఈ సంకోచం వెనకున్న భ్రమల గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు బాగానే పరిశీలించారు. ఎరికా బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్తవాళ్లతో మాట్లాడాక ఎదుటివాళ్లకు తాము నిజంగా నచ్చినంతగా నచ్చలేదని మనుషులు అనుకుంటారు. ఒకే హాస్టల్ యూనిట్‌లో ఉంటున్న విద్యార్థుల మధ్య కూడా ఈ అపోహ నెలల తరబడి కొనసాగింది. దీనికి తోడు ఇంకోటి. మిగతావాళ్లకు తమకంటే ఎక్కువమంది స్నేహితులు దొరికేశారని మొదటి ఏడాది విద్యార్థులు నమ్ముతారని 2017లో యాష్లీ విలన్స్ బృందం చూపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. గుంపుగా నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు అందరికీ కనబడతారు. గదిలో తలుపేసుకుని కూర్చున్నవాళ్లు ఎవరికీ కనబడరు. మద్యం విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది: ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ 1993లో గమనించినట్టు, క్యాంపస్‌లో తాగే తీరు తమకు ఇబ్బందిగా ఉన్నా మిగతావాళ్లకు అది మామూలేనని విద్యార్థులు ఎవరికి వాళ్లు అనుకున్నారు. అందరూ అలాగే అనుకుని అందరూ ఊరుకుంటే, నిజానికి చాలామందికి నచ్చని పద్ధతే క్యాంపస్ పద్ధతిగా చలామణి అవుతుంది.

కాబట్టి క్లబ్ నడిపేవాళ్లు చేయగలిగిన అత్యంత విలువైన పని చాలా చిన్నది: రెండో వారం రానివాళ్లకు విడిగా ఒక మెసేజ్ పెట్టడం. గ్రూపులో అందరికీ కలిపి పెట్టే ప్రకటన దీనికి సాటి రాదు. "పోయినసారి మీరు చెప్పిన విషయం ఈసారి మాట్లాడుకుంటున్నాం, వస్తారా?" అని పేరు పెట్టి అడిగితే, అది గుర్తుంచుకున్నారన్న కబురు. మూడో వారంలో వచ్చినవాళ్లను కూడా మొదటి రోజు వచ్చినట్టే పలకరించడం దీని తర్వాతి మెట్టు. ఈ రెండింటికీ బడ్జెట్ అక్కర్లేదు. అయినా చాలా క్లబ్బుల్లో ఈ పని ఎవరిదీ కాదు. ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, డిజైన్ హెడ్, మీడియా హెడ్ ఉంటారు. కొత్తవాళ్లను చూసుకునే మనిషే ఉండరు.

రూమ్మేట్ ప్రభావం కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో మొదటి ఏడాది గదులు లాటరీ పద్ధతిలో కేటాయించడం ఆధారంగా బ్రూస్ సేసర్డోట్ 2001లో చేసిన పరిశోధనలో, రూమ్మేట్ ప్రభావం మార్కుల మీదా, ఫ్రెటర్నిటీ (అమెరికన్ కాలేజీల్లో మగ విద్యార్థుల సంఘం) లాంటి సంఘాల్లో చేరే నిర్ణయం మీదా కనిపించింది. ఏ సబ్జెక్ట్ ప్రధానంగా తీసుకోవాలన్న నిర్ణయం మీద మాత్రం కనిపించలేదు. ఒంటరిగా కొత్త గదిలోకి అడుగుపెట్టడం కంటే ఇద్దరుగా వెళ్లడం తేలిక మరి. మొదటి మీటింగ్‌కు తోడు ఎవరినైనా తీసుకురమ్మని పిలవడం ఈ కారణంగానే బాగా పనిచేస్తుంది.

ఇక గట్టిగా మాట్లాడాల్సిన విషయం ఎంపిక. చాలా పెద్ద యూనివర్సిటీల్లో పేరున్న క్లబ్బులు దరఖాస్తు ఫారాలు, రెండు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పెడుతున్నాయి. మొన్నటిదాకా ప్రవేశ పరీక్షల పోటీలో నలిగి వచ్చిన పద్దెనిమిదేళ్ల విద్యార్థిని, అతనికంటే రెండేళ్లు పెద్దవాళ్లు బల్ల అవతల కూర్చుని "మా క్లబ్‌కు మీరు ఏం తెస్తారు?" అని అడుగుతారు. ఫొటోగ్రఫీ నేర్చుకుందామని వచ్చినవాళ్లకు ఫొటోగ్రఫీ ముందే వచ్చి ఉండాలంటే, ఇక ఆ క్లబ్ ఎవరికి నేర్పుతుంది? ఆర్కెస్ట్రాకూ, పోటీలకు వెళ్లే జట్టుకూ ఆడిషన్ అర్థవంతమే. వయొలిన్ పట్టుకోవడం రానివాళ్లతో కచేరీ జరగదు. కానీ మార్కెటింగ్ క్లబ్‌కూ, సామాజిక సేవా సంఘానికీ వడపోత ఎందుకన్న ప్రశ్నకు గట్టి జవాబు అరుదుగా వినబడుతుంది. చోటు చాలదు, పని చేసేవాళ్లే కావాలి అనేవి సాధారణంగా చెప్పే కారణాలు. వాటిలో కొంత నిజం ఉంది. దొరకడం కష్టమైతే విలువ పెరుగుతుందన్న లెక్క కూడా, పైకి చెప్పకపోయినా, ఉంటుంది.

ఆ లెక్క మనుషుల మీద పనిచేస్తుందనడానికి ఆధారం పాతదే. 1959లో ఇలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ కాలేజీ విద్యార్థినులతో ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరికి బాగా ఇబ్బందిపెట్టే పరీక్ష, కొందరికి తేలిక పరీక్ష పెట్టి, చివరికి అందరికీ చప్పగా ఉన్న ఒకే చర్చ వినిపించారు. ఎక్కువ ఇబ్బంది పడి చేరినవాళ్లు ఆ చర్చ చాలా బాగుందన్నారు. పడిన కష్టాన్ని వృథా అని ఒప్పుకోవడం కష్టం కాబట్టి, దక్కినదాని విలువను మనసు పెంచి చూసుకుంటుంది. ప్రతిష్ట పేరుతో పెట్టే ఇంటర్వ్యూలకూ, సంఘంలో చేరాలంటే అవమానం భరించాలనే ర్యాగింగ్‌కూ తీవ్రతలో చాలా తేడా ఉంది. రెండోది ప్రాణాలు తీసింది, చాలాచోట్ల నేరం కూడా. కానీ "మేం పడ్డాం, వీళ్లూ పడాలి" అనే తర్కం రెండింటిలోనూ ఒకటే. గుంపులో ఐక్యతకు మరో దారి లేదని నమ్మేవాళ్లు, కలిసి ఒక కష్టమైన పని పూర్తిచేసినా అదే ఐక్యత వస్తుందని మర్చిపోతారు.

ఎంపికకు బయటి ప్రపంచం నుంచి కూడా ఊతం ఉంది. పేరున్న బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు, న్యాయ సంస్థలు కొత్తవాళ్లను ఎలా తీసుకుంటాయో పరిశీలించిన లారెన్ రివెరా, చదువు బయటి కార్యక్రమాలకు అవి చాలా బరువిస్తాయని 2011లో ప్రచురించిన పరిశోధనలో చూపింది. అందులోనూ ఏళ్ల తరబడి సమయం, డబ్బు పెడితే తప్ప సాధించలేని అభిరుచులకు. దాంతో క్లబ్ అంటే రెజ్యూమెలో ఒక లైను అనుకునే పరిస్థితి వస్తుంది. అందరికీ పదవి కావాలి, కుర్చీలు మోసేవాళ్లు కరువవుతారు. ఇలాంటి క్లబ్‌లో ఏడాది గడిపిన విద్యార్థికి ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి మాటలు దొరుకుతాయి, కానీ మనుషులు దొరికారో లేదో చెప్పలేం. దీనికి ఆచరణలో ఉన్న మంచి పరిష్కారం తలుపులు రెండు పెట్టడం. క్లబ్ అందరిది, పోటీ జట్టు ఎంపికైనవాళ్లది. చర్చా క్లబ్‌కు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు, టోర్నమెంట్‌కు మాత్రం ఆరుగురే వెళ్తారు. ఎంపిక కానివాళ్లకు వచ్చే వారం మళ్లీ వచ్చే చోటు మిగులుతుంది.

పైకి తెరిచి ఉన్న తలుపు కూడా అందరికీ ఒకేలా తెరిచి ఉండదు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే చర్చా సంఘం 1823లో మొదలైతే, మహిళలకు పూర్తి సభ్యత్వం వచ్చింది 1963లో. ఇప్పటి అడ్డంకులు అంత సూటిగా కనబడవు. కూలి, చిన్న ఉద్యోగాల కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు క్లబ్బులను చదువుకు అడ్డుగా చూడటం, స్థితిమంతుల పిల్లలు వాటి విలువ ముందే తెలిసి రావడం జెన్నీ స్టూబర్ అనే పరిశోధకురాలు అమెరికన్ క్యాంపస్‌లలో గమనించింది. ఇంట్లో ఎవరూ యూనివర్సిటీ మొహం చూడని విద్యార్థికి, నాటక క్లబ్‌లో గడిపిన సాయంత్రం వృథా కాదని చెప్పేవాళ్లు ఎవరుంటారు? పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసేవాళ్లకూ, దూరం నుంచి బస్సులో వచ్చి వెళ్లేవాళ్లకూ రాత్రి ఎనిమిదింటికి మీటింగ్ అంటే రావొద్దని చెప్పడమే. మధ్యాహ్న విరామంలో నెలకు రెండు మీటింగులు పెట్టినా వాళ్లలో కొందరు వస్తారు. ఇంటికి తిరిగి చేరే దారి రాత్రి పూట భద్రంగా ఉంటుందో లేదో అన్న ఆందోళన అమ్మాయిలకు అదనం.

సామాజిక జీవితానికీ చదువు కొనసాగించడానికీ ఉన్న లంకెను విన్సెంట్ టింటో 1975లో సిద్ధాంతంగా చెప్పాడు: చదువులోనూ, చుట్టూ ఉన్న సమాజంలోనూ కలిసిపోయిన విద్యార్థులు మధ్యలో మానేసే అవకాశం తక్కువ. ఆ తర్వాత దీని మీద వచ్చిన విమర్శ కూడా ముఖ్యమైనది. కలిసిపోవడం అంటే ఎవరు ఎవరిలో కలవాలి? తమ భాషనూ, ఊరినీ, కుటుంబాన్నీ పక్కనపెట్టి వస్తేనే చోటు దొరుకుతుందంటే ఆ బరువంతా చిన్న వర్గాల విద్యార్థుల మీదే పడుతుంది. ఒకే భాషవాళ్లు, ఒకే దేశంవాళ్లు, ఒకే మతంవాళ్లు పెట్టుకునే సంఘాలను క్యాంపస్‌ను ముక్కలు చేసేవిగా కొందరు చూస్తారు. ఆ చూపు న్యాయమైనది కాదు. తన యాసలో మాట్లాడుకునే చోటు వారానికి ఒక్క సాయంత్రమైనా ఉన్న విద్యార్థి మిగతా ఆరు రోజులు పరాయివాళ్ల మధ్య మరింత ధైర్యంగా తిరుగుతాడు. బొలోన్యాలో ఎనిమిది వందల ఏళ్ల కిందటి విద్యార్థులు చేసుకున్నదీ అదే. ఇబ్బంది ఎప్పుడొస్తుందంటే, ఆ ఒక్క సంఘమే విద్యార్థి లోకమంతా అయిపోయినప్పుడు. ఉద్యోగాల సమాచారం చాలామందికి దగ్గరివాళ్ల కంటే దూరపు పరిచయాల ద్వారానే అందుతుందని 1973లో మార్క్ గ్రానోవెటర్ వివరించాడు. ఆ పరిచయాలు తనలాంటివాళ్లు లేని ఇంకో క్లబ్‌లోనే దొరుకుతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. చాలా దేశాల్లో క్లబ్బుల ఖర్చు విద్యార్థులందరూ కట్టే ఫీజు నుంచే వస్తుంది. తమకు నచ్చని సంఘాలకు తమ డబ్బు ఎందుకు వెళ్లాలని అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు కోర్టుకెక్కారు. పంపకంలో ఏ అభిప్రాయం పట్లా పక్షపాతం చూపనంతవరకు అలాంటి ఫీజు వసూలు చేయవచ్చని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. తప్పనిసరి విద్యార్థి సంఘ ఫీజులను 2005లో చట్టంతో నిషేధించింది. చాలా క్యాంపస్‌లలో విద్యార్థి సేవలు కుదించుకుపోయాక, 2011లో సేవల ఫీజును పరిమితులతో మళ్లీ అనుమతించింది. ఉమ్మడి నిధి లేకపోతే ముందు దెబ్బతినేది స్పాన్సర్లు పట్టించుకోని చిన్న క్లబ్బులే. ఫెస్ట్‌కు బ్యానర్ వేసుకోడానికి కంపెనీలు వస్తాయి. పన్నెండుమంది కూర్చుని కవిత్వం చదువుకునే గురువారానికి ఎవరూ రారు.

అలాంటి గురువారాల నుంచే కొన్నిసార్లు ఊహించనివి పుడతాయి. ఎంఐటీలో 1946లో మొదలైన బొమ్మ రైళ్ల క్లబ్‌లో విద్యార్థులు పట్టాల కింద స్విచ్చులు, రిలేలతో కుస్తీలు పడేవాళ్లు. ఆ మోజే వాళ్లలో కొందరిని తొలితరం కంప్యూటర్ల దగ్గరకు నడిపించింది. 1962లో స్టీవ్ రస్సెల్ రాసిన స్పేస్‌వార్ అనే తొలినాళ్ల కంప్యూటర్ ఆట, ఆ క్లబ్ చుట్టూ తిరిగినవాళ్ల చేతుల్లోనే మెరుగులు దిద్దుకుంది. దీన్ని ప్రతి క్లబ్ మీదా మోపే లక్ష్యంగా చూడకూడదు. గమనించాల్సింది వాళ్లకు దక్కిన రెండు వసతులు: ఎప్పుడు వెళ్లినా ఎవరో ఒకరుండే సొంత గది, ఫలితం చూపించమని అడగని సమయం. ప్రతి గంటకూ బుకింగ్ ఉండే సెమినార్ హాల్‌లో సగం విప్పిన యంత్రాన్ని వదిలి వెళ్లలేరు. కొత్త భవనాలు కట్టేటప్పుడు యూనివర్సిటీలు పెద్ద ఆడిటోరియం మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా, తాళం చెవి విద్యార్థుల చేతిలో ఉండే ఇరవై చిన్న గదుల మీద పెట్టాలి.

ఇదంతా చదువును దెబ్బతీయదా అన్న భయం తల్లిదండ్రులది, కొంతవరకు సమంజసమే. 1984లో విద్యార్థుల భాగస్వామ్యం మీద సిద్ధాంతం రాసిన అలెగ్జాండర్ ఆస్టిన్, విద్యార్థి సమయాన్ని పరిమితమైన వనరుగానే చూశాడు. ఒక పనికి ఇచ్చినది ఇంకో పని నుంచి తీసినదే. ఆయన ముఖ్యంగా పట్టించుకున్నది విద్యార్థి ఎంత సమయం, ఎంత శ్రమ పెడుతున్నాడన్నది. ఐదు క్లబ్బుల్లో పేరుండి దేనిలోనూ లేని విద్యార్థికి అలసట మిగులుతుంది. ఒకటి రెండింటిలో నిలకడగా ఉన్నవాళ్లకు చదువుకూ సాయం చేసే సీనియర్లు దొరుకుతారు, పాత నోట్సు దొరుకుతుంది, ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో చెప్పేవాళ్లు దొరుకుతారు.

చివరగా, ఏ పెద్ద యూనివర్సిటీలోనైనా క్లబ్బులు ఎక్కువగా చచ్చిపోయేది డబ్బు లేక కాదు, ఏటా మనుషులు మారిపోవడం వల్ల. అన్నీ తెలిసిన చివరి ఏడాదివాళ్లు పరీక్షల హడావిడిలో వెళ్లిపోతారు. కొత్త కమిటీకి మెయిల్ పాస్‌వర్డ్ తెలియదు, బ్యాంకు ఖాతాలో సంతకం పాత ట్రెజరర్ పేరు మీదే ఉంటుంది, గది బుక్ చేయడానికి ఏ ఆఫీసులో ఎవరిని కలవాలో ఎవరూ రాసి పెట్టలేదు. దాంతో మొదటి రెండు నెలలు మీటింగులే జరగవు, కొత్త విద్యార్థులు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఎన్నికలు సంవత్సరాంతంలో కాకుండా రెండు మూడు నెలల ముందే పెట్టి, పాత కమిటీ పక్కన కొత్త కమిటీ కొన్నాళ్లు పనిచేసేలా చూస్తే ఈ తెగుదల చాలావరకు తప్పుతుంది. యూనివర్సిటీ వైపు నుంచి, సెలవుల్లోనే ఖాతా సంతకాలు మార్చిపెట్టే ఒక గుమాస్తా, ఏడాదికేడాది కొనసాగే ఒక సలహాదారు ఉంటే చాలు. క్లబ్బుల పనితీరు చూసే ఆఫీసు కూడా ఫెయిర్‌లో ఎంతమంది పేర్లు రాశారన్న అంకె పక్కన ఇంకో అంకె అడగాలి: ఆరో వారం మామూలు మీటింగ్‌కు వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో మొదటి ఏడాదివాళ్లు ఎందరు?